క్లచ్ నేర్పడానికి ఖతర్ దాకా

మా ఊళ్లో అందరూ నేను ఖతర్ చూడడానికి వెళ్లొచ్చానని అనుకుంటున్నారు. అసలు ఖతర్ అని కూడా కాదు, కువైట్ అనుకుంటున్నారు. మా కడప వైపు విమానమెక్కి పడమటికి పోయిన ప్రతివాడూ కువైట్‌కే పోయినట్టు లెక్క. నిజానికి నేను వెళ్లింది మా బామ్మర్దికి క్లచ్ తొక్కడం నేర్పడానికి. ఈ సంగతి విమానం దిగేదాకా నాకూ తెలియదు.

నా గురించి ఒక్క మాట. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరయ్యాను. నా కింద నేర్చుకున్నవాళ్లకు ఇప్పటికీ నా పేరు వింటే ఎడమకాలు వణుకుతుందని చెప్పుకుంటారు. అది గౌరవమో మరొకటో నేను ఆరా తీయలేదు.

అల్ వుకైర్: మూడు చెప్పులు, ఒక గొడుగు

మా బామ్మర్ది సుబ్బరాయుడు పన్నెండేళ్లుగా అల్ వుకైర్‌లో ఒక ఖతరీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. ఆ ఇంటి పెద్దాయనను పనివాళ్లంతా బాబా అంటారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఆయన పడుచుతనంలో కొన్న అమెరికా ఇంటిబండి ఒకటి ఉంది. వీళ్లు కారవాన్ అంటారు. లోపల మంచాలు, పొయ్యి, భోజనాల బల్ల, పూల కర్టెన్లు, అన్నీ ఉంటాయి. చలికాలం వస్తే చాలు, పెళ్లాం పిల్లల్ని అందులో ఎక్కించుకుని ఉత్తరాన సముద్రం పక్కకు పోయి గుడారాలు వేసుకునేవాడట. పెళ్లాం పోయింది, పిల్లలకు పెద్ద పెద్ద కార్లు వచ్చాయి, బండి మిగిలింది.

పోయిన చలికాలం దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కాలిపోయింది. తుక్కుకు వేద్దామన్నారు కొడుకులు. పెద్దాయన నోరు విప్పకుండా దాన్ని షెడ్డుకు పంపించి, ఆటోమేటిక్ తీయించి, మామూలు క్లచ్చూ గేర్లూ పెట్టించాడు. పాత బండికి పార్టులు దొరకలేదేమోనని అందరూ సరిపెట్టుకున్నారు. విన్నాక నేనూ సరిపెట్టుకున్నాను.

అప్పుడు పెద్ద కొడుకు సుబ్బరాయుణ్ణి పిలిచి, గేరు బండి తోలడం వచ్చా అని అడిగాడు. రాదంటే వచ్చేవాణ్ణి తెచ్చుకుని తనను ఇంటికి పంపుతారని మావాడికి భయం. ఊళ్లో కడుతున్న ఇంటికి స్లాబు పడి ఆగిపోయింది. ఇంకో రెండేళ్ల ఉద్యోగం ఉంటే తప్ప గోడలకు సిమెంటు అంటదు. అందుకని, "మా ఇంట్లో అందరం గేరు బండ్ల మీదే పెరిగినాం సార్" అనేశాడు. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒక మోపెడ్. దానికి గేర్లే ఉండవు. లైసెన్సు మీద గేరు బండికి అనుమతి ఉందిగానీ, పన్నెండేళ్ల కిందట డ్రైవింగ్ స్కూల్లో తొక్కిన క్లచ్‌ను మళ్లీ తొక్కిన పాపాన పోలేదు.

నేను ఆ ఇంటి వెనక డ్రైవరు గదిలో బ్యాగు దించానో లేదో తలుపు దగ్గరికేశాడు.

"బావా, నువ్వు వచ్చింది ఊరు సూసేదానికి కాదు."

"మరి?"

"నాకు గేరు నేర్పియ్యల్ల. వచ్చే శుక్రవారం బండి ఉత్తరానికి పోతాది. నేనే తోలల్ల."

"ముందే సెప్పొచ్చు గదరా?"

"సెప్తే ఫోన్లోనే తిట్టి పెట్టేస్తావు. ఈడికొచ్చినాక అయితే తిట్టుకుంటూనైనా నేర్పిస్తావు."

పిల్లనిచ్చిన ఇంటివాళ్ల తెలివి ఇది. ఏం చేస్తాం, ఆ సాయంత్రమే పాఠం మొదలుపెట్టాను. కుర్చీ ముందు మూడు చెప్పులు వరసగా పెట్టాను: క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్. బకెట్లో ఇసుక పోసి, మా ఆవిడ పట్టుబట్టి సర్దిన గొడుగును అందులో గుచ్చి గేరు రాడ్ చేశాను. ఖతర్‌లో ఆ గొడుగుకు దొరికిన ఉద్యోగం అదొక్కటే. రెండు సాయంత్రాలు సుబ్బరాయుడు చెప్పులు తొక్కుతూ, గొడుగు కదుపుతూ, నోటితో ఇంజను శబ్దం చేస్తూ నేర్చుకున్నాడు. మూడో గేరు వేస్తే బకెట్ పడిపోయేది.

వెస్ట్ బే: మెడ పట్టేసింది

మర్నాడు పెద్ద కొడుకును ఆఫీసులో దింపే డ్యూటీ ఉంటే నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. వెస్ట్ బే అంతా అద్దాల మేడలే. ఒకటి మెలితిరిగి ఉంటుంది, ఒకటి వంగి ఉంటుంది. నిటారుగా నిలబడితే అక్కడ అనుమతి ఇవ్వరేమో అనిపించింది. అంతస్తులు లెక్కపెట్టబోయి మెడ పట్టేసింది.

పెద్ద కొడుకు మర్యాదస్తుడు. నా ఆరోగ్యం, ప్రయాణం, పిల్లలు, అన్నీ వరసగా అడిగి, ఆ తర్వాతే పని మాట ఎత్తాడు. మన దగ్గరైతే ఎక్కగానే ఏసీ పెంచమంటారు.

"శుక్రవారం నాన్న స్టీరింగు ముట్టుకోకూడదు," అన్నాడు ఇంగ్లీషులో. "రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. డాక్టరు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. నువ్వే తోలాలి. గేరు వచ్చు కదా?"

"వెరీ గుడ్ వచ్చు సార్," అన్నాడు సుబ్బరాయుడు. అద్దంలో వాడి నుదుటి మీద చెమట కనిపించింది. ఏసీ పద్దెనిమిదిలో ఉంది.

వచ్చేటప్పుడు ఆకలేసి ఒక దక్షిణాది హోటల్లో ఆగాం. నాలుగు ఇడ్లీ, ఒక వడ ఎనిమిది రియాళ్లు. ఇరవై మూడుతో గుణించుకున్నాక వడ దిగలేదు. సాంబారు మాత్రం ఎంత అడిగితే అంత పోశాడు. ఆ విషయంలో మనవాళ్లు ఏ దేశం పోయినా మారలేదు.

సనయ్యా: గొడుగు ఏ పక్కన?

దోహాలోని పారిశ్రామికవాడను పనివాళ్లంతా సనయ్యా అంటారు. కిలోమీటర్ల కొద్దీ షెడ్లు, గ్రీజు, వెల్డింగు వెలుగు. నాకైతే పుట్టింటికి వచ్చినట్టుంది. మన ఇంటిబండి అక్కడే ఒక షెడ్డులో ఉంది. దాని గేర్‌బాక్స్ మార్చిన మెకానిక్ గంగారాం. జగిత్యాల వైపు మనిషి. భవనాల పనిలో ఇనుము వంచడానికి వచ్చి, అయిదేళ్లు ఎండలో మాడి, తర్వాత షెడ్డులో చేరి పని నేర్చుకున్నాడట. నేను డిపో మనిషినని తెలియగానే చేసిన పనంతా చూపించాడు.

"సారూ, ఆటోమేటిక్ తీసి గేర్ పెట్టుడంటే డబ్బ తీసి డబ్బ పెట్టుడు గాదు. ఫ్లైవీల్ మార్చిన. క్లచ్‌కు కాలు పెట్ట జాగ లేకుండె, బ్రేక్ పెడల్ గింత వెడల్పుండె, దాన్ని సగం కోసిన. కింద షాఫ్ట్ సరిపోలె, పొడుగు జేపిచ్చిన. ఇగ అంత అయిందని తాళం తిప్పితే, గీడ అరబ్బులన్నట్టు, మాఫీ! సప్పుడే లేదు. ఒక పూటంత బ్యాటరీని తిట్టిన. ఆఖరికి జూస్తే, బండి గేర్ల ఉన్నప్పుడు స్టార్ట్ గాకుండ ఆటోమేటిక్‌కు ఒక వైర్ ఉంటదట. డబ్బతోని గది గూడ ఊడొచ్చింది. రెండు కొసలు కలిపిన, ఖలాస్."

నేను డ్రైవరు సీటెక్కి, తలుపు వైపు ఎడమ చెయ్యి చాపాను. గేరు రాడ్ లేదు.

"ఏందయ్యా, రాడ్ పెట్టడం మర్చిపోయినావా?"

గంగారాం ఒక క్షణం నన్ను చూశాడు. "సారూ, స్టీరింగ్ గిటున్నది గద. రాడ్ గటుంటది. కుడి చేతికి."

ముప్పై ఏళ్ల అనుభవం అక్కడికక్కడే గాలి తీసిన ట్యూబయింది. అక్కడ స్టీరింగు ఎడమ పక్క ఉంటుందనీ, గేరు కుడి చేతికి వస్తుందనీ తెలియక కాదు. ఆలోచించలేదు. రెండు సాయంత్రాలు బకెట్‌ను కుర్చీకి ఎడమ పక్కన పెట్టి నేర్పాను. సుబ్బరాయుడి వైపు తిరిగాను.

"నువ్వు పన్నెండేండ్లు ఈడ తోలుతాండావు గదరా! నీకు తెల్దా?"

"తెలుసు బావా. నువ్వు ముప్పై ఏండ్లు డిపోలో చేసినోనివి. నాకు గుర్తుండేదే తప్పేమో అనుకున్యా."

షెడ్డులో ఉన్న నాలుగు దేశాలవాళ్లూ నవ్వారు. ఎవరికీ తర్జుమా అవసరం పడలేదు. పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని బండి కిందికి దూరి తప్పులు వెతికాను. క్రాంకు చివర వేయాల్సిన చిన్న బుష్ మర్చిపోయి ఉంటాడని ఆశపడ్డాను. అదీ వేశాడు. లేచి, "పర్వాలేదు," అన్నాను.

క్లచ్ మాత్రం గట్టిగా ఉంది, లారీ క్లచ్‌లాగా. అదేంటని అడిగితే గంగారాం తల గోక్కున్నాడు.

"అందరు మెత్తగ జెయ్యమంటరు. గీ బాబా గట్టిగ జెయ్యమన్నడు సారూ. రోజు విడిచి రోజు వచ్చి కుర్చీ ఏసుకొని కూసుండేటోడు. ఇంక గట్టిగ, ఇంక గట్టిగ అనేటోడు. మా అవ్వ ఫోన్ జేసి దుబాయ్‌ల ఏం పని జేస్తున్నవురా అంటే, ముసలోనికి ఎంత గట్టి క్లచ్ గావాల్నో కనుక్కుంటున్న అని జెప్పిన."

పెద్దవాళ్ల చాదస్తం అనుకుని వదిలేశాను.

షెడ్డు వెనక ఖాళీ జాగాలో మూడు మధ్యాహ్నాలు అసలు పాఠం జరిగింది. నాకక్కడ లైసెన్సు లేదు కాబట్టి పక్క సీట్లో కూర్చుని నోటితోనే తోలాను. మొదటి రోజు ఇంజను ముప్పై ఒక్కసార్లు ఆగింది. ఆ పాత లారీ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు బరువులు లాగడానికే. రెండుతో కదిలి మూడుకు పోవాలి. రెండు నుంచి రాడ్ పైకి తెచ్చి, పక్కకు జరిపి, మళ్లీ పైకి తొయ్యాలి. సుబ్బరాయుడు ప్రతిసారీ పక్కకు జరపడం మరిచి మొదటి గేరులో వేసేవాడు. బండి గావుకేక పెట్టేది, నేనూ పెట్టేవాణ్ణి. "పాదం కింద బండి వణుకుతాది సూడు, ఆడ ఆపు. ఆడ!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. మూడో రోజు నాలుగింటికి, గొంతు లేక నేను ఊరకున్నప్పుడు, వాడికి వచ్చేసింది. దీన్నిబట్టి నా శిక్షణ పద్ధతి గురించి మీరేమైనా అనుకుంటే అది మీ ఇష్టం.

ఉత్తరానికి: పెద్దాయన ముఖం

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. సుబ్బరాయుడు స్టీరింగు దగ్గర, పెద్దాయన పక్క సీట్లో, నేను వెనక భోజనాల బల్ల దగ్గర రాజాలాగా. ఇల్లే కదిలిపోతుంటే అందులో కూర్చుని టీ తాగడం బాగుంటుంది, కప్పు సగం నింపుకుంటే.

అల్ వుకైర్ దాటేదాకా నా ప్రాణాలు నా దగ్గర లేవు. మొదటి సిగ్నల్లో బండి ఆగలేదు. అంటే సిగ్నల్‌కు ఆగింది, ఇంజను ఆగలేదు. రెండో గేరు, తర్వాత మూడు. శబ్దం లేదు, కుదుపు లేదు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

చిత్రమేమిటంటే పెద్దాయన మాత్రం వాడిపోతున్నాడు. గేరు మెత్తగా పడిన ప్రతిసారీ ఆయన ముఖం ఇంకాస్త దిగిపోయేది. సగం దారిలో కరక్ టీ కోసం ఆగాం. కప్పు రెండు రియాళ్లు. మన ఇరానీ చాయ్‌కు యాలకులు పట్టించినట్టుంటుంది. ఆయన అంగడివాడితో కూడా మాట్లాడలేదు. కడుపులో తిప్పుతోందేమోనని నా దగ్గరున్న నిమ్మకాయ ఇవ్వబోయాను. నిమ్మకాయను చూసి, నన్ను చూసి, జేబులో వేసుకున్నాడు.

మదీనత్ అల్ షమాల్ దాటాక

మదీనత్ అల్ షమాల్‌లో చేపలూ రొట్టెలూ కొనుక్కుని, ఊరు దాటి సముద్రం పక్కన అప్పటికే వేసి ఉంచిన గుడారాల దగ్గరికి చేరాం. ఎడారి అంటే ఇసుక దిబ్బలనుకున్నాను. అక్కడ గట్టినేల, చదును, అటువైపు నీళ్లు. అంత చదును నేల మా డిపోకు ఉంటే ఎందరి ఉద్యోగాలు నిలిచేవో.

మధ్యాహ్నం పెద్ద పళ్లెం నిండా మాంసం, అన్నం పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. మచ్‌బూస్ అంటారు. యజమాని, డ్రైవరు, డ్రైవరు బావ, అందరం ఒకే పళ్లెం. పెద్దాయన మెత్తటి ముక్కలు తీసి నా వైపు తోస్తున్నాడు. మన వైపు పెళ్లిలో కూడా నాకంత మర్యాద జరగలేదు, నా పెళ్లితో కలిపి. చేత్తో ముద్ద చేయడం వాళ్లదో తీరు. మేం సంగటి తినే చేతులవాళ్లం, తగ్గుతామా? చూసి మెచ్చుకున్నారు.

అప్పుడే పెద్ద కొడుకు తన కారులో వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూసి సుబ్బరాయుడి భుజం తట్టాడు.

"బాగుంది. రేపు పొద్దున దీన్ని దోహా తీసుకెళ్లు. టీ కొట్టు పెట్టుకుంటానని ఒకతను కొంటున్నాడు. నడిచే బండయితేనే తీసుకుంటాడట. నాన్నకు చెప్పాను."

పెద్దాయన సముద్రం వైపు చూస్తున్నాడు.

సాయంత్రం నమాజు అయ్యాక నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పడుచుతనంలో బొంబాయితో సరుకుల వ్యాపారం చేసిన మనిషి, హిందీ వచ్చు. మా కడప హిందీ నాకు వచ్చు. ఇద్దరికీ సరిపోయింది.

"నీ శిష్యుడు బాగా తోలాడు ఉస్తాద్."

"అంతా మీ దయ."

"దయ కాదు, నా నసీబు." బండి వైపు చూపిస్తూ అన్నాడు, "ఆటోమేటిక్ అయితే ఎవడైనా తాళం తిప్పి తోలుకుపోతాడు. నా ముగ్గురు కొడుకులకూ క్లచ్ అంటే తెలియదు. ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మార్పించాను. నేను తప్ప ఎవరూ కదిలించలేని బండిని ఎవరు అమ్ముతారు? తుక్కువాళ్లతో ఈడ్పించడానికి నా కళ్ల ముందు వాళ్లకు మనసొప్పదు. అదొక్కటీ నాకు తెలుసు. నీ బామ్మర్ది గేరు వచ్చు అన్నాడని విని రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత వాడికి రాదని తెలిసి తిన్నాను. అంతలో నువ్వొచ్చావు."

డ్రైవరు గదిలో నన్ను ఉండనిచ్చినవాడు, తన పళ్లెంలో ముక్కలు పెట్టినవాడు, ఆయన. నేనేమో సముద్రం దాటి వచ్చి మరీ ఆయన బండిని పోగొట్టాను.

"మా పిల్లల తల్లి ఆ ముందు సీట్లో కూర్చునేది," అన్నాడు. "నేను నిద్రపోకుండా దారి పొడవునా తిట్టేది."

అంతే, ఇంకేం అడగలేదు. చెయ్యమని గానీ, వద్దని గానీ అనలేదు.

సుబ్బరాయుడు గిన్నెలు కడుగుతుంటే వెళ్లి అంతా చెప్పాను. గిన్నె పక్కన పెట్టేశాడు.

"ఇప్పుడు రాదంటే అబద్ధాలోడని రేపే పంపిస్తాడు బావా. ఆడ స్లాబు కింద కుక్కలు పండుకుంటాండాయి."

"తెలుసు."

"నువ్వు యేమంటావు?"

"నేను యేమీ అనను. అన్నింటికీ నేను అనబట్టే ఇంతదాకా వచ్చింది."

వాడు మళ్లీ గిన్నె అందుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని ఇంకా తోమసాగాడు. నేను వెళ్లి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున

టీ అయ్యాక పెద్ద కొడుకు బయలుదేరమంటూ తాళాలు విసిరాడు. "యల్లా."

సుబ్బరాయుడు సీటెక్కాడు. ఇంజను మొదలైంది. క్లచ్ తొక్కాడు, గేరు వేశాడు. బండి వణికింది. నేను వంద సార్లు అరిచి చూపించిన చోటే, సరిగ్గా అక్కడే, ఒక్క క్షణం పాదం ఆపాడు. ఆపి, టక్కున వదిలేశాడు. బండి ఎగిరిపడి ఆగింది.

మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆగింది. మూడోసారి కూడా అంతే. చేతగాక ఆగిన బండి శబ్దం వేరు, తెలిసి ఆపిన బండి శబ్దం వేరు. ముప్పై ఏళ్లు విన్నవాణ్ణి నాకు తెలుస్తుంది. అక్కడున్నవాళ్లకు మాత్రం ఒక దద్దమ్మ డ్రైవరు కనిపించాడు.

పెద్ద కొడుకు వాణ్ణి దింపి తనే ఎక్కాడు. గట్టి క్లచ్ ఆయన మోకాలిని పరీక్షించింది. బండి కప్పలా గెంతి, గుడారం తాడు తెంపి ఆగింది. ఎర్రబడిన ముఖంతో దిగాడు.

"గేరు వచ్చు అన్నావు!"

సుబ్బరాయుడు తల దించుకున్నాడు. "సారీ సార్. రాదు."

"మరి నిన్న ఇది ఇక్కడికెలా వచ్చింది?"

సుబ్బరాయుడు నా వైపు చూశాడు. నేను తెగిన గుడారం తాడు వైపు చూశాను.

"నేను తోలుకొచ్చాను," అన్నాడు పెద్దాయన.

తర్వాత అరబ్బీలో చాలాసేపు జరిగింది. నాకు రెండు మాటలే అర్థమయ్యాయి, కళ్లు, అమ్మ. కొడుకు మధ్యలో సుబ్బరాయుణ్ణి చూపించి గట్టిగా ఏదో అన్నాడు. పెద్దాయన అడ్డం తగిలి, మాకూ తెలియాలనేమో, హిందీలో చెప్పాడు:

"ఇతను నా డ్రైవరు. నేను పొమ్మనేదాకా ఇక్కడే ఉంటాడు. నాకు అబద్ధం చెప్పలేదు, నీకు చెప్పాడు. స్టీరింగు ముట్టనని నీకు నేనూ చెప్పాను. ఇద్దర్నీ కలిపి పంపిస్తావా?"

కొడుకు నడుము మీది చేతులు దించి ఫోన్ తీశాడు. అటు నడిచివెళ్లి, బండి అమ్మడం లేదని కొనేవాడితో చెప్పి వచ్చాడు. వచ్చి తండ్రి పక్క సీట్లో కూర్చున్నాడు. ముసలాయన స్టీరింగు పట్టి, ఆ చదును నేల మీద ఒక చుట్టు తిప్పుతానన్నాడు. కొడుకు వద్దంటూనే బెల్టు పెట్టుకున్నాడు.

బండి కదిలింది. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు గరగరమంది. ఆయనకూ అభ్యాసం తప్పినట్టుంది. సుబ్బరాయుడు నా పక్కన నిలబడి, తెగిన గుడారం తాడు చేతికి చుట్టుకుంటూ, బండి దూరమయ్యేదాకా చూశాడు.

"బావా," అన్నాడు, "నిన్న నా మూడో గేరు మాత్రం సప్పుడు లేకుండా పడింది గదా?"

"పడిందిరా. బ్రమ్మాండంగా పడింది," అన్నాను. ఆ మాట నేను డిపోలో ఎవరితోనూ అన్నట్టు గుర్తులేదు.